మా తండా పేరు లేదేంది మేడం?

దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్ల తెలుగు చెప్త. ఎనిమిదో తరగతిల 31 మంది. సగం మంది తండాల నుంచి వస్తరు, ఇంట్ల మాట్లాడేది లంబాడీ. పోయినేడు 'గ్రంథాలయాలు' మీద వ్యాసం రాయమంటే అందరి నోటుబుక్కులల్ల మొదటి వాక్యం ఒక్కటే, గైడులది. వాళ్లల్ల చానామంది గ్రంథాలయం మొఖమే చూడలే. చెప్పుకునేందుకు ఏమీ లేని విషయం ఇచ్చింది నేను. ఆ వ్యాసాలు దిద్దుకుంట కూసున్న రాత్రి నాకు మస్తు బాధైంది.

ఈసారి తెలుగు వికీపీడియాల మా ఊరి పేజీని ఫోన్ల సేవ్ చేసుకొని పోయిన. 2003ల మొదలైన ఈ వికీల మన ఊర్లు చానావాటికి పేజీలున్నయి. ఎక్కువ పేజీలల్ల కనిపించేది 2011 జనాభా లెక్కలే: ఎన్ని ఇండ్లు, ఎంతమంది జనం, ఎన్ని హెక్టార్లు. అంతా చదివి వినిపించి, "ఈ పేజీల లేనిదేంది?" అని అడిగిన.

కొంచెంసేపు ఎవ్వరూ నోరు తెరవలే. తెరిచినంక ఆగలే. చెర్వు అలుగు దుంకుడు లేదు, బొడ్రాయి లేదు, బత్తాయి తోటలు లేవు. వెనక బెంచీల నుంచి ఒక పిల్ల లేసి, "మా తండా పేరు లేదేంది మేడం?" అన్నది. 2018ల కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చినంకనే ఆ తండా వేరే గ్రామ పంచాయతీ అయింది, అంతకుముందు ఊర్లనే కలిసి ఉండె. అదే చెప్పిన. "గట్లెట్ల మేడం, మా తాత ఆడనే పుట్టిండు గదా" అన్నది. అదే రాసుకరమ్మన్న.

తెల్లారి మూడు వాక్యాలు తెచ్చింది. "మా నాయనమ్మ నీళ్లకు బాయికి పోయేది. శాన దూరం. ఎండకాలం తిప్పలు." ఎర్రపెన్ను తియ్యలే. పక్కన పెన్సిల్‌తోని రెండు ప్రశ్నలు రాసిన: ఏ బాయి? ఎంత దూరం? కాయితం మళ్ల వచ్చింది: "మోట బాయి. నెత్తిన ఒక బిందె, సంకల ఒక బిందె. తుమ్మచెట్టు కాడ దించి దమ్ము తీసుకునేది." నేను ఆ తుమ్మచెట్టు దగ్గరనే ఆగిపోయిన. ఒత్తులు, దీర్ఘాలు మూడోసారి కూసొని దిద్దుకున్నం. అనుమానమొచ్చిన మాటను ఆంధ్రభారతి వెబ్‌సైటుల ఉన్న నిఘంటువుల వెతికినం. ఒక్కసారి కొడితే బ్రౌణ్యం, సూర్యరాయాంధ్రం లాంటి నిఘంటువులన్నీ వెతికి పెడ్తది. 'శాన'ను మాత్రం 'చాలా' చెయ్యనియ్యలే.

రాయడానికే భయపడే ఒక పిలగాడున్నడు. వానికి ఫోన్ల వాయిస్ టైపింగ్ పెట్టిచ్చిన. వాడు చెప్పిన మాటను ఫోను ఇంకేదో రాసింది. "తప్పు రాసింది మేడం" అని తానే బోర్డు మీద సరిగ్గ రాసి చూపెట్టిండు. వాడు బోర్డు దగ్గరికి తనంతట తాను వచ్చుడు అదే మొదలు.

ఇంకా చిన్న తరగతులకైతే స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ 2015ల పెట్టిన సైటు. మాటల్లేని బొమ్మల కథలు తీసి, బొమ్మకొక వాక్యం రాయిస్త. ఓపెన్ లైసెన్సు కాబట్టి రాసినోళ్ల, బొమ్మలేసినోళ్ల పేర్లు పెట్టి ప్రింటు తీసుకోవచ్చు.

పిల్లల రాతలను వికీల పెడ్తమా అంటే, ఆడ అచ్చయిన ఆధారం ఉండాలె, తాత చెప్పిన ముచ్చట ఎక్కదు. తరగతిల అందరికీ బాధనిపించింది. అందుకని వరండాల గోడ పత్రిక పెట్టినం. ఇంటర్వెల్‌ల పదో తరగతోళ్లు కూడ నిలబడి చదువుతున్నరు. మనం తీసిన ఫొటోలైతే వికీమీడియా కామన్స్‌ల, అంటే వికీపీడియాకు ఫొటోలు దాచే సైటుల, పెట్టుకోవచ్చని చెప్పిన. అప్పటి నుంచి, చెర్వు అలుగు దుంకిన రోజు అందర్నీ తీస్కపోవాలె అని రోజూ అడుగుతనే ఉన్నరు.