నువ్వు ఎవరి పేరు చెప్పావ్?

పెంటిమెంట్ అనే వీడియో గేమ్ ఆడినవాళ్ళు ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఇంకే మర్డర్ మిస్టరీ గేమ్ అయినా "నీకు దొరికాడా, ఎక్కడ డౌట్ వచ్చింది" అని అడుక్కుంటారు, ఇక్కడ మాత్రం ఎవరి పేరు చెప్పావ్ అని అడుగుతారు, అడిగాక ఇద్దరూ తమ తమ కారణాలు చెప్పుకోవడం మొదలుపెడతారు, ఆ చెప్పుకోవడంలో సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు ఒక ధోరణి ఉంటుంది చూడండి, నాకు ఈ గేమ్ గురించి రాయాలనిపించింది దాని వల్లే.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా. 2022 నవంబర్‌లో అబ్సిడియన్ అనే గేమ్ కంపెనీ వాళ్ళు రిలీజ్ చేశారు, డైరెక్టర్ జోష్ సాయర్. కథ 1518లో, జర్మనీలోని బవేరియాలో, టాసింగ్ అనే కల్పిత ఊళ్ళో, దాని పక్కనే ఉన్న కియర్సావ్ మఠంలో మొదలవుతుంది. మనం ఆండ్రియాస్ మాలర్, న్యూరెంబర్గ్ నుంచి వచ్చి మఠంలో రాతప్రతులకి బొమ్మలేసే కుర్రాడు. మఠానికి వచ్చిన బారన్ (జమీందారు లాంటి ప్రభువు) లోరెంజ్‌ని ఎవరో చంపేస్తారు. నెత్తుటి కత్తితో శవం దగ్గర దొరికింది ఎవరంటే పియెరో, ఆండ్రియాస్‌కి పెద్దదిక్కులాంటి ముసలి సన్యాసి. ఆయన చంపి ఉండడని ఆండ్రియాస్ నమ్మకం, మఠాధిపతికి మాత్రం గొడవ తొందరగా సద్దుమణిగితే అదే పదివేలు. అందుకని ఆర్చ్‌డీకన్ (చర్చి తరఫున తీర్పు చెప్పే పెద్ద అధికారి) విచారణ పూర్తయ్యేలోపు మనం ఇంకొకరి పేరు తేవాలి.

అసలు చిక్కంతా ఆ "ఇంకొకరి పేరు" దగ్గరే ఉంది. టైమ్ చాలదు. ఒక ఆధారం వెంట పడితే పూట గడిచిపోతుంది, ఇంకోటి చేజారిపోతుంది, ఎంత తెలివిగా ఆడినా అన్నీ చూడలేం. చివరికి చేతిలో మిగిలేది సగం సగం తెలిసిన నలుగురు మనుషులు. చేతబడి పుస్తకాల మీద ఆసక్తి ఉన్న సన్యాసి ఫెరెంక్, బారన్ వల్ల నలిగిపోయిన సన్యాసిని మటిల్డా, రాతి పని మేస్త్రీ లక్కీ, భర్త పోయాక ఉన్న ఇల్లు కూడా మఠం చేతికి పోయేలా ఉన్న ఒట్టీలియా.

ఇక్కడ ప్లేయర్లు ఏం చేస్తారో గమనిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. చాలామంది ఆధారాలు బేరీజు వేసి మొదలుపెడతారు, తెగకపోయేసరికి లెక్క మారిపోతుంది. లక్కీకి ఇల్లూ సంసారం ఉన్నాయి, వద్దు. మటిల్డా ఇప్పటికే చాలా పడింది, వద్దు. ఫెరెంక్ అయితే ఎవరికీ పెద్దగా ఇష్టం లేడు కదా. ఒట్టీలియాకి ఎలాగూ ఎవరూ లేరు కదా. అంటే ఎవరు చంపారు అన్న ప్రశ్న పక్కకి పోయి ఎవరు పోతే ఊరికి తక్కువ నష్టం అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది, అది ఎప్పుడు మారిందో మనకి తెలియదు, మెల్లగా మారిపోతుంది. ఆ తర్వాత ఊరంతా చూస్తుండగా తలారి పని. ఆ సీన్‌ని గేమ్ దాచదు, మనల్ని అక్కడే నిలబెడుతుంది.

ఇంత బాధ పుట్టడానికి కారణం మాత్రం హత్య కాదని నా నమ్మకం, భోజనాలు. రోజూ పూట అయ్యేసరికి ఎవరింట్లో తినాలో మనమే ఎంచుకోవాలి. తెరమీద బల్ల, దాని మీద వాళ్ళ ఇంట్లో ఉన్నవే, ఒక్కోటి తీసుకుంటుంటే ఒక్కో మాట బయటికొస్తుంది: పన్నులు, పంటలు, పిల్లలు, ఊరి కబుర్లు. మఠంలో బల్లకీ రైతు ఇంట్లో బల్లకీ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్ళకి కనపడుతుంది. మనం వెళ్ళింది విచారణకే, తినడం ఒక వంక, అయినా వాళ్ళ ఉప్పు తిన్నామన్న సంగతి మనసులో ఉండిపోతుంది. ఆ ఇంట్లోవాళ్ళ పేరే ఆర్చ్‌డీకన్ ముందు ఎత్తాల్సొచ్చినప్పుడు చెయ్యి ఆడదు.

అక్షరాల సంగతి కూడా చెప్పాలి. ఈ గేమ్‌లో వాయిస్ ఉండదు, ప్రతి మాటా కలం గీరుకునే చప్పుడుతో తెరమీద రాసుకుంటూ వస్తుంది. సన్యాసులకి ఒక రాత, రైతులకి గొలుసుకట్టు రాత, ప్రింటర్ ఇంటివాళ్ళకి అచ్చు అక్షరాలు. మనిషి కోపంలో ఉంటే సిరా చిందుతుంది. తప్పు రాస్తే అక్కడికక్కడే దిద్దుకుంటుంది. గొంతు వినకుండానే మనిషి దగ్గరైపోవడం నేను ఇంకే గేమ్‌లోనూ ఇంతగా చూడలేదు.

రెండో భాగం 1525. జర్మన్ రైతుల తిరుగుబాటు గురించి కొంచెం చదివినవాళ్ళకి ఆ సంవత్సరం కనపడగానే గుండె జారుతుంది, ఎందుకంటే ఆ ఏడాది మార్చిలో మెమ్మింగెన్ అనే జర్మన్ ఊళ్ళో రైతులు 12 డిమాండ్లు రాసుకున్నారు, మా పాస్టర్‌ని మేమే ఎన్నుకుంటాం, అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వండి, వెట్టి తగ్గించండి, ఇలాంటివే, ప్రభువులు దానికిచ్చిన జవాబులో లక్ష మంది దాకా చచ్చిపోయారని అంచనా. టాసింగ్‌లోనూ అదే సెగ. మళ్ళీ ఒక హత్య, మళ్ళీ ఒక పేరు చెప్పాలి, కాకపోతే ఈసారి ఎదురుగా ఉన్నది ఏడేళ్ళ కిందట మనకి అన్నం పెట్టినవాళ్ళు, అప్పటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, కొందరు లేరు. మనం మొదట ఎవరి పేరు చెప్పామో ఊరు మర్చిపోలేదు. మూడో భాగం గురించి ఇక్కడ రాయను, ఆడేవాళ్ళ కోసం వదిలేస్తున్నా.

గేమ్ మీద అందరికీ ఉన్న కోపం ఒకటే, అసలు పొడిచింది ఎవరో ఎక్కడా ఖాయంగా చెప్పదు. కొందరు గైడ్‌లు వెతుకుతారు, కొందరు మొదటినుంచీ ఆడి మిగతా ముగ్గురి మీదా ఆధారాలు తవ్వుతారు, అలా తవ్వితే ఎవరి మీదైనా నేరం నిలబడేలా ఉందని తేలేసరికి ఇంకా చిరాకు పడతారు. నేను మాత్రం గేమ్ వైపే. వేలిముద్రలు లేవు, ల్యాబ్ లేదు, మనిషి పరువూ సాక్షుల మాటా హింసించి చెప్పించిన ఒప్పుకోలూ వీటి మీదే తీర్పులు నడిచిన కాలం అది. ఐదో చార్లెస్ చక్రవర్తి 1532లో తెచ్చిన కరోలినా చట్టం కూడా శిక్షకి ఒప్పుకోలు గానీ ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు గానీ ఉండాలంది, తగిన అనుమానం ఉంటే చిత్రహింసకి దారి మాత్రం తెరిచే ఉంచింది. అలాంటి చోట ఆండ్రియాస్‌కి దొరకని జవాబు మనకి చివర్లో పళ్ళెంలో పెట్టి ఇచ్చి ఉంటే, పేరు చెప్పేటప్పుడు పడ్డ భయమంతా ఉత్త పజిల్ అయిపోయేది. ఇప్పుడు ఆడబోయేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, మొదటి విచారణ అయ్యేదాకా గైడ్ తెరవకండి, భోజనాలు స్కిప్ చేయకండి.