కాలిలో గడ్డ దొరికింది, కారణం దొరకాలి

ఎడమ పిక్క వాచి, నడిస్తే లాగేస్తుంటే, బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర క్లినిక్‌లో కండరం పట్టేసిందని నొప్పి మాత్రలు ఇచ్చి పంపారు. వాపు తగ్గలేదు. రెండో డాక్టరమ్మ టేపు తీసి రెండు పిక్కలూ కొలిచారు. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలట. నాకు దాటింది.

నాకు తెలిసిన డి-డైమర్ పరీక్ష రాస్తారేమోనని చూశాను. రాయలేదు. గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ విరిగినప్పుడు వచ్చే ముక్కను లెక్కగట్టే పరీక్ష అది. అనుమానం తక్కువగా ఉన్నవారిలో అది కూడా తక్కువ వస్తే, గడ్డ లేదని ధైర్యంగా ఇంటికి పంపవచ్చు. ఎక్కువ వస్తే మాత్రం ఏదీ తేలదు. జ్వరం, గర్భం, ఆపరేషన్, పైబడిన వయసు, ఏదైనా దాన్ని పెంచుతుంది. నా విషయంలో అనుమానం ఎక్కువే, అందుకని నన్ను నేరుగా డాప్లర్ స్కాన్‌కు పంపారు.

డాప్లర్ అంటే తెర మీద ఎరుపు, నీలం రంగులే అనుకుంటాం. అసలు పని నొక్కడంలో ఉంది. గజ్జ నుంచి మోకాలి వెనుక దాకా ప్రోబ్‌తో కొద్దికొద్దిగా నొక్కుకుంటూ వచ్చారు. మామూలు సిర నొక్కగానే అణిగిపోతుంది, లోపల గడ్డ ఉంటే అణగదు. మోకాలి వెనుక ఒకచోట నల్లటి గుండ్రం ఎంత నొక్కినా గుండ్రంగానే ఉండిపోయింది. రిపోర్టు రాకముందే నాకు అర్థమైపోయింది.

ఆ సాయంత్రమే పొట్ట మీద ఎనాక్సాపారిన్ అనే హెపారిన్ రకం సూది, కొన్నాళ్లకు రివరాక్సబాన్ మాత్ర మొదలయ్యాయి. అనంతపురం నుంచి ఫోన్ చేసిన ప్రతివారూ "గడ్డ కరిగిందా అమ్మా?" అనే అడిగేవారు. ఈ మందులు గడ్డను కరిగించవు. పెరగకుండా, కొత్తది కట్టకుండా అడ్డుపడతాయి. కరిగించుకునే పని మెల్లగా శరీరమే చేసుకుంటుంది. ఈ సంగతి చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి "కరుగుతోంది" అనడం అలవాటు చేసుకున్నాను.

కరగడం సరే, అసలు ఎందుకు కట్టింది? 1856లో విర్కో అనే జర్మన్ వైద్యుడు చెప్పిన మూడు కారణాలే ఇప్పటికీ మొదట చూస్తారు: ప్రవాహం మందగించడం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. నాకు ఆపరేషన్ లేదు, దూర ప్రయాణం లేదు, గర్భనిరోధక మాత్రలు లేవు. మా అత్తయ్య మాత్రం కంప్యూటర్ ముందు కూర్చోవడమే కారణమని తీర్పు చెప్పేశారు. ఆ లెక్కన బెంగళూరులో సగం ఊరు నాతోపాటు క్యూలో ఉండాలి.

తర్వాత చూసిన హెమటాలజీ (రక్త జబ్బుల) డాక్టరుగారు చిత్తూరు వైపువారు. కాలు చూడకముందే, "ఎప్పుడైనా గర్భం పోయిందా అమ్మా?" అని తెలుగులో అడిగారు. పోయింది, నాలుగో నెలలో. కాలి కోసం ఎక్కిన గుమ్మాల్లో ఎక్కడా ఎవరూ అడగని ప్రశ్న అది. నేనూ చెప్పలేదు, కాలికీ దానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అని ఆయన అనుమానం. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ దీన్ని ఒక జబ్బుగా వర్ణించారు. శరీరమే తయారుచేసుకునే కొన్ని యాంటీబాడీలు గడ్డలు కట్టిస్తాయి, గర్భాలు పోగొడతాయి. చిత్రమేమిటంటే పరీక్ష గొట్టంలో అవే యాంటీబాడీలు రక్తాన్ని ఆలస్యంగా గడ్డకట్టిస్తాయి. శరీరంలో చేసేదానికి సరిగ్గా తలకిందులు.

ఈ యాంటీబాడీల కోసం చేసేవి మూడు పరీక్షలు. ఒకసారి పాజిటివ్ వస్తే చాలదు. ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చినా కొంతకాలం ఇవి కనిపించి పోతాయి, అందుకే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చూడాలి. పైగా వీటిలో ఒకదాన్ని రివరాక్సబాన్ తప్పుదారి పట్టిస్తుంది. అందుకని మాత్ర ఆపి, కొన్ని రోజులు సూది మీద ఉంచి, ఉదయం సూది పడకముందే రక్తం తీసుకున్నారు. పేరు లేని జబ్బుతో ఆ మధ్యకాలం గడపడం కాలినొప్పి కంటే కష్టంగా అనిపించింది.

రెండుసార్లూ మూడూ పాజిటివే. మందు మారింది. పాతకాలపు వార్ఫరిన్‌కు ఎందుకు వెళ్లాలని అడిగితే ఇటలీలో జరిగిన పరిశోధన గురించి చెప్పారు. ఇలా మూడూ పాజిటివ్ అయిన 120 మందిని రెండు వర్గాలు చేశారు. రివరాక్సబాన్ వాడినవారిలో నలుగురికి పక్షవాతం, ముగ్గురికి గుండెపోటు వచ్చాయి. వార్ఫరిన్ వర్గంలో ఆ రెండూ ఒక్కరికీ రాలేదు. ప్రయోగం మధ్యలోనే ఆపేసి, 2018లో ఫలితాలు ప్రచురించారు. కొత్త మాత్రే మంచిదన్న నా నమ్మకం అక్కడితో పోయింది.

వార్ఫరిన్ పని అందుకోవడానికి అయిదారు రోజులు పడుతుంది, అప్పటిదాకా సూదులూ సాగాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే అంకెను 2కూ 3కూ మధ్య నిలబెట్టాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. ఇది ఎలుకల మందుగా అమ్మిన పదార్థమేనని మా మరిది ఎక్కడో చదివి ఇంట్లో చెప్పాడు. నిజమే, కానీ చెప్పాల్సిన వేళ అది కాదు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకు అడ్డుపడుతుందని విన్న అత్తయ్య గోంగూర, తోటకూర వంటింట్లోకి రానివ్వలేదు. వీధిలో సొప్పు (ఆకుకూరల) బండి అరుపు వినిపిస్తే తలుపు వేసేవారు. డాక్టరుగారేమో, "మానొద్దమ్మా, ఒక వారం కట్టలు కట్టలు తిని, మరో వారం ముట్టకుండా ఉండొద్దు, అంతే" అన్నారు. ఆ మాట అత్తయ్య నమ్మడానికి ఆవిడనే వెంటబెట్టుకుని వెళ్లాల్సి వచ్చింది.

అప్పుడే ఇంకో గర్భం సంగతీ అడిగాను. వార్ఫరిన్ గర్భం తొలి నెలల్లో పిండానికి హాని చేస్తుంది. కాబట్టి నెల తప్పిందని తెలిసిన రోజే ఫోన్ చేయమన్నారు. వెంటనే హెపారిన్ సూదులకు మార్చి, తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారట. ప్రసవమయ్యాక మళ్లీ వార్ఫరిన్, పాలిస్తూ కూడా వాడవచ్చన్నారు. అత్తయ్య ఆ భాగం మాత్రం రెండుసార్లు అడిగి చెప్పించుకున్నారు.