టీవీ మోగుతూనే ఉంది, గరుడ సేవ దాటిపోయింది: నా అనుభవం

2024 అక్టోబరులో తిరుమల బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు ఉదయం మా అత్తమ్మ కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, "గరుడ సేవ ఎప్పుడమ్మా, ఇంకా రాలేదా?" అని అడిగారు. అది జరిగి అప్పటికే ఐదు రోజులైంది. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఏడింటికి సీరియళ్ళు మొదలయ్యాయి, ఆ తర్వాత ఏదో వార్తా చర్చ నడిచింది, చివర్లో నేను రిమోట్ పట్టుకుని ఒక ఛానల్ నుంచి ఇంకో ఛానల్‌కు తిప్పుతూ పదకొండు దాకా కూర్చున్నాను. శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ మాత్రం ఎవరమూ పెట్టలేదు. తిరుపతి బైరాగిపట్టెడలో, మిద్దె ఎక్కితే ఏడుకొండల వరుస ఎదురుగా కనబడే ఇంట్లో ఉంటూ, స్వామి గరుడునిపై ఊరేగిన రాత్రిని మేము గుర్తించకుండానే గడిపేశాము.

మా అత్తమ్మకు 79 ఏళ్ళు. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వెళ్ళి గరుడ సేవ చూసివచ్చిన మనిషి. ఇప్పుడు ఆమెకు కొండ అంటే టీవీలో కనబడే కొండే. ఆ టీవీ పొద్దస్తమానం మోగుతూ కూడా ఆమెకు కావలసిన ఆ రెండు మూడు గంటలను ఇవ్వలేకపోయిందంటే, తప్పు టీవీది కాదు, దాన్ని మేము వాడుకుంటున్న తీరుది. వచ్చే బ్రహ్మోత్సవాల నాటికి ఈ తీరు మార్చాలని ఆ ఉదయమే అనుకున్నాను. అనుకున్నదాన్ని చేతల్లోకి తేవడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

నా చిన్నతనంలో ఇలా ఉండేది కాదు. 1987 జనవరిలో దూరదర్శన్ ఆదివారం ఉదయాల్లో రామాయణం ధారావాహికను మొదలుపెట్టినప్పుడు నాకు పదేళ్ళు, మేము చిత్తూరులో ఉండేవాళ్ళం. మా వీధిలో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఆ ఇంటివారి అబ్బాయి మిద్దె మీద యాంటెనా తిప్పుతూ ఉంటే, కింద మేము "వచ్చింది, వచ్చింది, అక్కడే ఆపు" అని అరిచేవాళ్ళం. మా అమ్మ శనివారం రాత్రే దోసెల పిండి రుబ్బిపెట్టుకుని, ఆదివారం తొమ్మిదింటికల్లా పొయ్యి ఆర్పేసేది. హిందీ మాట ఒక్కటీ అర్థం కాని ముసలివాళ్ళు కూడా ముందు వరుసలో కూర్చునేవారు. అప్పట్లో సమయం దొరికితే టీవీ చూడటం కాదు, టీవీ కోసం సమయాన్ని ముందుగానే సిద్ధం చేసుకోవడం ఉండేది. ఛానళ్ళు వందలయ్యాక ఆ సిద్ధపడటం మాలో ఎవరికీ మిగల్లేదు.

2025 జూన్‌లో కళాశాల తెరిచాక ఒక నోటు పుస్తకం తీసుకుని మూడు గీతలు గీశాను: ఎన్ని గంటలకు, ఏ ఛానల్, ఎవరు చూశారు. రెండు వారాల పాటు ఇంట్లో ఎవరికీ ఏ నియమమూ పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు రాశాను. జూన్ 11, బుధవారం నాటి పేజీలో ఇలా ఉంది: "రాత్రి 7.00 నుంచి 7.30: సీరియల్, అత్తమ్మ. 7.30 నుంచి 8.10: అదే ఛానల్, ఎవరూ లేరు. అత్తమ్మ దేవుడి గదిలో, నేను వంటింట్లో." ఇలాంటి "ఎవరూ లేరు" అన్న మాట దాదాపు ప్రతి పేజీలోనూ రెండు మూడు చోట్ల ఉంది. పద్నాలుగు రోజులకు లెక్క కడితే టీవీ నడిచింది 83 గంటలు. అందులో 26 గంటలు దాని ముందు ఎవరూ లేరు. 38 గంటలు అత్తమ్మ, మా ఆయన చూసినవి. నావి 19 గంటలు. ఆ పందొమ్మిదిలో ఫలానా కార్యక్రమం చూడాలని ముందుగా అనుకుని కూర్చున్నవి రెండున్నర గంటలే.

నాకు టీవీ చూసే తీరిక లేదని ఏళ్ళ తరబడి అందరితో చెబుతూ వచ్చిన నేను ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నేను ఉదయం 7.15 బస్సుకు శ్రీకాళహస్తి వెళ్ళి, జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరతాను. తీరిక లేదన్నది అబద్ధం కాదు, అయితే ఉన్న కాస్త తీరిక ఎటు పోతున్నదో ఆ పుస్తకం రాసేదాకా నాకు తెలియలేదు.

మొదటి మార్పు నా దగ్గరే మొదలుపెట్టాను. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు టీవీ పెట్టుకోవడం నాకు పాత అలవాటు. టీవీ నడుస్తుండగా నలభై పేపర్లు దిద్దడానికి రెండుంబావు గంటలు పట్టేది. టీవీ కట్టేసి, లోపలి గదిలో కూర్చుని దిద్దితే గంటా ఇరవై నిమిషాల్లో అయిపోయింది. వారానికి మూడు సాయంత్రాలు దిద్దే పని ఉంటుంది కాబట్టి, ఒక్క ఈ మార్పుతోనే వారానికి రెండు గంటల నలభై ఐదు నిమిషాలు చేతికి వచ్చాయి. తక్కిన మార్పులన్నీ కలిపినా ఇంత సమయం ఇవ్వలేదు.

మా ఆయన విషయం సులువుగానే తేలింది. ఆయన స్టేషనరీ దుకాణం కట్టేసి తొమ్మిదిన్నరకు వచ్చి వార్తలు చూస్తారు. అరగంట చాలని ఆయనే అన్నారు.

అత్తమ్మ సీరియళ్ళ దగ్గర జాగ్రత్తగా మసలుకోవలసి వచ్చింది. బ్రహ్మోత్సవాల్లో రాత్రి వాహన సేవ సాధారణంగా ఏడింటికి మొదలై తొమ్మిది దాకా సాగుతుంది, ఆమె చూసే మూడు సీరియళ్ళూ సరిగ్గా ఆ రెండు గంటల్లోనే వస్తాయి. పగలంతా ఒంటరిగా ఉండే మనిషికి ఆ కథల్లోని వాళ్ళు ఇంటి మనుషుల్లాంటివారు. వాటిని మానేయమని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పాలని కూడా అనిపించలేదు. వాటిలో రెండింటిని మర్నాడు పగటిపూట మళ్ళీ వేస్తారని చూసి, ఆ వేళలు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించాను. మూడోదాన్ని ఆ ఛానల్ వాళ్ళ యాప్‌లో ఫోన్ మీద చూడవచ్చు. అత్తమ్మ కాగితాన్ని రెండు సార్లు చదువుకుని, "పగలు చూస్తే నాకే మేలు. సాయంత్రం నువ్వొచ్చేటప్పటికి నీతో మాట్లాడుకోవచ్చు" అన్నారు. ఈ మాట ఆమె నోటి నుంచి వస్తుందని నేను ఊహించలేదు. సాయంత్రం నేను ఇంటికి వచ్చాక ఆమె టీవీ వైపు తిరిగి కూర్చుంటున్నది చూడటానికే అనుకున్నాను, నేను పనిలో ఉండి పలకరించకపోవడం వల్లనేమో అన్న ఆలోచన రాలేదు.

బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ చూసే క్రమం ఒక్కసారిగా పెట్టుకుంటే నిలబడదని భయపడి, ఆగస్టు నుంచి వారానికి ఒక్క కార్యక్రమంతో అభ్యాసం మొదలుపెట్టాము. శనివారం సాయంత్రం తిరుమల నుంచి ప్రత్యక్ష ప్రసారమయ్యే సహస్ర దీపాలంకరణ సేవను ఎంచుకున్నాము. 1,008 దీపాల నడుమ స్వామివారు ఉభయ దేవేరులైన శ్రీదేవి, భూదేవులతో ఊయలలో కొలువుదీరి ఉంటే, ముందు వేదపారాయణం, ఆ తర్వాత అన్నమయ్య కీర్తనలు సాగుతాయి. ఆ కాసేపు ఫోన్లు దేవుడి గదిలోని అలమరలో పెట్టాలన్నది నియమం. మొదటి శనివారం పది నిమిషాలు దాటేసరికి నా చేయి రిమోట్ కోసం వెతకడం నేనే గమనించాను. మూడో శనివారానికి ఆ తడుములాట పోయింది.

నాలుగో శనివారం సేవ మధ్యలో తిరుపతిలో పెద్ద వాన పడి టీవీ తెర మీద సిగ్నల్ లేదన్న అక్షరాలు వచ్చాయి. మాది డిష్ కనెక్షన్. ఉపగ్రహం నుంచి వచ్చే ఆ తరంగాలను దట్టమైన వాన మింగేస్తుంది, డిష్ ఎంత సరిగ్గా బిగించినా దానికి చేయగలిగింది లేదు. అప్పుడే ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి, అదే ఛానల్ ప్రత్యక్ష ప్రసారాన్ని వైఫై మీదుగా టీవీకి కలిపాము. బొమ్మ బాగానే వచ్చింది. అయితే పక్కింట్లో కేబుల్ టీవీ ఉంది. వాళ్ళ కిటికీలోంచి మంగళవాద్యం ముందుగా వినబడి, దాదాపు అర నిమిషం తర్వాత అదే వాద్యం మా టీవీలో మోగింది. ఇంటర్నెట్ ప్రసారం కాస్త ఆలస్యంగా చేరుతుందని విన్నానే గాని, గోడకు రెండు వైపులా ఒకే హారతి రెండు సార్లు వినడం అదే మొదలు. తమిళుల పెరటాసి నెలలో బ్రహ్మోత్సవాలకు వాన తప్పదు కాబట్టి, ఆ కలపడం ఎలాగో అత్తమ్మకు కూడా నేర్పించాను.

2025లో బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు 24న ధ్వజారోహణంతో మొదలయ్యాయి. ఆ రాత్రి పెద్దశేష వాహనం నుంచి ఎనిమిదో రాత్రి అశ్వ వాహనం దాకా, స్వర్ణ రథం, మహారథం కలుపుకుని పదహారు సేవలు. అందులో నేను ప్రత్యక్షంగా చూడగలిగినవి పదమూడు. గురు, శుక్ర, శనివారాల ఉదయం జరిగిన చిన్నశేష, సింహ, కల్పవృక్ష వాహనాల వేళకు నేను శ్రీకాళహస్తి దారిలోనో తరగతి గదిలోనో ఉన్నాను. వాటి కోసం సెలవు పెట్టాలా అని ముందు ఆలోచించి, వద్దనుకున్నాను. ఆ మూడింటినీ అత్తమ్మ ఒక్కరే చూసి, సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగానే అలంకారం దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టేవారు. సింహ వాహనం మీద స్వామి యోగ నరసింహుడిగా ఎలా కూర్చున్నారో చేతులు పెట్టి చూపించారు. ఆదివారం నుంచి మా కళాశాలకు దసరా సెలవులు కావడంతో ఆ తర్వాత ఏదీ తప్పలేదు.

ఐదో రోజు, సెప్టెంబరు 28 ఆదివారం. ఉదయం పల్లకీలో మోహినీ అవతారం చూశాక మధ్యాహ్నానికే రాత్రి వంట కూడా ముగించి, మా ఆయన దుకాణం మూసి ఇంట్లోనే ఉండగా, సాయంత్రం ఆరింటికి ముగ్గురమూ టీవీ ముందు చాప పరిచి కూర్చున్నాము. మోకాళ్ళ నొప్పితో ఎప్పుడూ కుర్చీ దిగని అత్తమ్మ ఆ రోజు కింద కూర్చుంటానని పట్టుబట్టారు. గరుడ సేవలో ఉభయ దేవేరులు ఉండరు, ఉత్సవమూర్తి మలయప్ప స్వామి ఒక్కరే వస్తారు. వాహనం మండపం దాటి బయటికి రాగానే కెమెరా దగ్గరికి వెళ్ళింది. అత్తమ్మ నా మోచేయి పట్టుకుని, "అదుగో, మకర కంఠి హారం చూడు. గర్భగుడిలోని మూలమూర్తిది. గరుడ సేవకే బయటికొచ్చేది. ఆ మాల శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తల్లిది, ఆ గొడుగులు మద్రాసువి" అని ఒక్కొక్కటీ చూపించారు. వ్యాఖ్యాత ఆ మాటలే కాసేపటికి చెప్పారు. మాడ వీధుల గ్యాలరీల నుంచి గోవింద నామం లేచినప్పుడల్లా ఆమె పెదవులు కదులుతూ ఉన్నాయి. తొమ్మిది దాటాక మేము అన్నం తిని వచ్చినా ఆమె లేవలేదు. పళ్ళెంలో పెరుగన్నం కలిపి అక్కడికే తెచ్చిచ్చాను.

అక్టోబరు 2 ఉదయం పుష్కరిణిలో చక్రస్నానం చూశాక టీవీ కట్టేసి, ఆ రోజంతా మళ్ళీ పెట్టలేదు. సాయంత్రం అత్తమ్మ నోటు పుస్తకం తెమ్మని, వెనక పేజీలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు రాయమన్నారు. కార్తీకంలో ముగింపు రోజు పుణ్యస్నానమైన పంచమి తీర్థం నాటి జనంలోకి తాను రాలేనని, దాన్ని టీవీలోనే చూద్దామని చెప్పారు. గజ వాహనం ఎదురుగా "ఎవరెవరు" అన్న గడిలో ముగ్గురి పేర్లూ రాయించి, ఛానల్ గడి దగ్గర నేను ఆగితే, "అక్కడ ఆటో అని రాయమ్మా, పోయి చూసొద్దాం" అన్నారు.