పాల కేంద్రంలో వెనక్కి బటన్

పొద్దున్నే మామయ్య ఫోన్. "అల్లుడూ, మళ్లీ పోయింది ఎంట్రీ" అన్నారు. ఊళ్లో ఆయన పాల కేంద్రానికి నేనే ఫ్లట్టర్‌లో (యాప్‌లు రాసే సాధనం) చిన్న యాప్ రాసిచ్చాను. రైతు పేరు, లీటర్లు, ఫ్యాట్ కొట్టి సేవ్ నొక్కాలి. సేవ్ నొక్కేలోపే రాసినదంతా మాయమవుతోందట.

అత్తయ్య తన ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి చూపిస్తే విషయం తెలిసింది. మామయ్య కొత్త ఫోన్‌లో కింద మూడు బటన్లు లేవు. అంచు నుంచి లోపలికి వేలు జరిపితే వెనక్కి పోవడమే. కుడిచేత్తో క్యాన్ వంచుతూ ఎడమచేత్తో ఫోన్ పట్టుకుంటారు, తడి బొటనవేలు అంచు మీద జారుతుంది. అంతే, స్క్రీన్ పోతుంది.

ఆ స్క్రీన్‌ను పాప్‌స్కోప్‌లో, అంటే వెనక్కి పోవడాన్ని ఆపగలిగే ఫ్లట్టర్ తొడుగులో పెట్టి, వెనక్కి పోనివ్వాలా అన్నది చెప్పే క్యాన్‌పాప్‌ను ఫాల్స్ (వద్దు) చేశాను. వెనక్కి పోబోతే దాని కాల్‌బ్యాక్ (అప్పుడు నడిచే కోడ్) "రాసింది వదిలేయాలా?" అని అడుగుతుంది. అయితే "అవును" నొక్కితే అదే ప్రశ్న మళ్లీ వచ్చింది! గంటసేపు తల పట్టుకున్నాను. మనం నావిగేటర్‌తో (స్క్రీన్లు మార్చేది) పాప్ చేసినా, అంటే స్క్రీన్ మూసినా, అదే కాల్‌బ్యాక్ మళ్లీ నడుస్తుంది, కాకపోతే ఈసారి స్క్రీన్ మూసుకుందా అన్నది చెప్పే డిడ్‌పాప్ ట్రూగా (అవునని) ఉంటుంది. అది చూసుకుని, మళ్లీ అడగకుండా అక్కడే రిటర్న్ అయిపోవాలి. ఒక్క లైన్.

ఇక ఫారం ఖాళీగా ఉన్నా అడుగుతోంది. అలా వదిలేయడానికి మనసొప్పలేదు. తెల్లవారుజామున క్యాన్లతో జనం వరసలో నిలబడి ఉంటే, మామయ్యను అక్కర్లేని ప్రశ్న ఒక్కటి కూడా అడగకూడదు. అందుకే ఏదైనా టైప్ చేస్తేనే ఆపేలా మార్చాను. పాప్‌స్కోప్‌కు ముందు వాడిన పాత విల్‌పాప్‌స్కోప్‌లో అయితే వెనక్కి నొక్కాక నిర్ణయించుకోవచ్చు. ఇప్పుడు ఆండ్రాయిడ్ వేలు జరుగుతుండగానే వెనక ఉన్న స్క్రీన్‌ను చూపిస్తుంది కాబట్టి, ఆపాలా వద్దా అన్నది ముందే చెప్పి ఉంచాలి. అందుకని అక్షరం పడగానే సెట్‌స్టేట్‌తో (మార్పును స్క్రీన్‌కు తెలిపేది) క్యాన్‌పాప్‌ను మారుస్తున్నాను. నాకైతే ఈ పద్ధతే నచ్చింది.

చివరగా "అవును", "కాదు" తీసేశాను. తొందరలో ఉన్న మనిషికి దేనికి అవునో, దేనికి కాదో ఎలా తెలుస్తుంది? "ఇంకా రాస్తాను", "వదిలేస్తాను" అని పెట్టి, రెండింటినీ కాస్త ఎడంగా జరిపాను.

రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనక క్యాన్ల చప్పుడు. "ఒకసారి అడిగింది అల్లుడూ. ఇంకా రాస్తాను నొక్కాను. ఎంట్రీ ఉంది." రెండుసార్లు విన్నాను.

రేపు సేవ్ బటన్ సంగతి చూడాలి. గబగబా రెండుసార్లు నొక్కితే రెండు ఎంట్రీలు పడుతున్నాయి.