పాత శుభలేఖల్లోంచి ఒక పుట్టినరోజు కార్డు

మన ఇళ్ళల్లో పాత పెళ్ళి కార్డులు పారేయరు, అలాగని వాటితో చేసేదీ ఏమీ ఉండదు. బీరువా మీదో టీవీ కిందో ఒక కట్ట పడి ఉంటుంది, ఎప్పుడైనా ఫోన్ నంబర్ రాసుకోవాల్సి వస్తే ఒకటి బయటికొస్తుంది, అంతే. నేను మాత్రం ఈమధ్య ఏ చుట్టాలింటికి వెళ్ళినా ముందు ఆ కట్ట మీదే కన్నేస్తున్నాను. ఎందుకంటే గ్రీటింగ్ కార్డు చేసుకోవడానికి అంత మంచి కాగితం మా వీధి స్టేషనరీ షాపులో అడిగినా దొరకదు. మామూలు జిరాక్స్ పేపరు 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగుతుందన్నమాట. కార్డు బల్ల మీద తూలకుండా నిలబడాలంటే 250 నుంచి 300 దాకా ఉండాలి. మంచి శుభలేఖ అట్టలో ఆ దళసరి ఉంటుంది, పైగా మెరుపు, గరుకు, బంగారు రంగు అచ్చు, అన్నీ ఫ్రీ. ఇవన్నీ ఇంట్లో పెట్టుకుని వందలు పోసి క్రాఫ్ట్ కిట్ ఎందుకు కొంటారో నాకర్థం కాదు.

ఈసారి కార్డు మా మేనత్తకి. సంక్రాంతి రోజుల్లోనే ఆవిడ పుట్టినరోజు. బ్లౌజులు కుట్టీ కుట్టీ ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి, ఇప్పటికీ మిషను ముందు కూర్చుంటే అన్నానికి పిలిచినా లేవదు. కాబట్టి కార్డు తెరవగానే లోపల కుట్టు మిషను లేచి నిలబడాలని ముందే అనుకున్నాను.

పాపప్ కార్డు చూస్తే ఏదో మాయలా ఉంటుంది కానీ అన్నిటికన్నా తేలిక అదే. కాగితాన్ని మధ్యకి మడిచి, మడత వైపు నుంచి రెండు సమాన కోతలు కోసి, ఆ మధ్య ముక్కని లోపలికి తోస్తే చాలు, కార్డుని లాప్‌టాప్‌లాగా తెరిచినప్పుడు అక్కడ చిన్న పెట్టె లేస్తుంది. జపాన్ వాళ్ళు ఇలా మడిచి కత్తిరించే పనిని కిరిగామి అంటారు. వినాయకచవితి పందిరికి రంగు కాగితాలు మడిచి కత్తిరించి, మైదా జిగురుతో పురికొసకి అంటించిన వాళ్ళకి ఇదేం కొత్త కాదు. ఆ పెట్టెనే నేను మిషను బల్ల చేశాను.

చూసుకోవాల్సింది ఒక్క లెక్కే. నా కాగితం 15 సెంటీమీటర్ల వెడల్పు, 21 పొడవు, పొడవు మధ్యలో మడిస్తే ఒక్కో సగం పదిన్నర. కోత లోతు 3 పెట్టాను, రెండు కోతల మధ్య ఎడం 6. కార్డు మూసినప్పుడు ఆ పెట్టె మడత నుంచి 3 కాదు, 6 సెంటీమీటర్ల దూరం వరకు వస్తుంది, ఎందుకంటే ముందు గోడ పడుకుంటూ ఇంకో 3 ముందుకి జరుగుతుంది. దానికి అంటించిన బొమ్మ బల్లకన్నా ఎంత ఎత్తు ఉంటే అంత ఇంకా ముందుకొస్తుంది. మిషను బొమ్మ ఎత్తు 4 పెట్టాను కాబట్టి మొత్తం 10, ఇంకా అర సెంటీమీటరు మిగిలింది. ఈ కూడిక చేయకుండా బొమ్మ అంటిస్తే మూసిన కార్డులోంచి మిషను తల బయటికి తొంగిచూస్తుంది.

బొమ్మని నల్ల చార్టు ముక్క మీద గీసి కత్తిరించాను. చక్రం, సూది దగ్గర మెడ, కింద పాదం, ఈ మూడూ తెలిస్తే చాలు, మిగతాది చూసేవాళ్ళే ఊహించుకుంటారు. సూదిలోంచి నిజం దారమే ఎక్కించి, దాని చివర ఎర్ర సిల్కు గుడ్డ పీలిక ఒకటి అంటించాను, అదీ అత్త దగ్గర పనయ్యాక ఊడ్చేసే పీలికల్లోంచి తెచ్చిందే.

ఈ పాపప్ ఉన్న లోపలి కాగితం వేరు, పైన అట్ట వేరు. లోపలి దానికి 120 లేదా 160 జీఎస్ఎం సరిపోతుంది, మరీ మందమైతే మడతలు మొరాయిస్తాయి. అట్టకన్నా చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా కోసి, పెట్టె వెనకాల తప్ప మిగతా అంతా జిగురు రాసి అంటించాలి. పెట్టె వెనక జిగురు తగిలిందా, ఇక అది లేవదు. జిగురంటే గ్లూ స్టిక్, లేదంటే డబుల్ సైడ్ టేపు. ఫెవికాల్ లాంటి తడి జిగురు పువ్వులకీ చిన్న ముక్కలకీ బాగుంటుంది కానీ పల్చటి కాగితమంతా పూస్తే అది ఉబ్బి ముడతలు పడుతుంది.

ఇక పై అట్ట. చాలామంది మడత దగ్గరే అందం పోగొట్టుకుంటారు. కాగితం మిల్లులో తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా మిషను నడిచే దిక్కుకే వరుస కడుతుంది, ఆ వరుస వెంబడి మడిస్తే గీత గీసినట్టు వస్తుంది, అడ్డంగా మడిస్తే రంగు చిట్లి లోపలి తెలుపు బయటపడుతుంది. ఏ దిక్కో తెలుసుకోవడానికి అట్టని మడవకుండా ఊరికే రెండు వైపులా వంచి చూడండి, ఎటు తేలిగ్గా వంగితే అటే. మడిచే ముందు రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు ఆనించి గట్టిగా ఒక గాడి గీయాలి. కింద ఆనిక్కి పిల్లల పరీక్ష అట్ట కన్నా మంచిది లేదు.

నాకు దొరికింది మెరూన్ శుభలేఖ. నాలుగు మూలలా పసుపు, పైన బంగారు రంగు వినాయకుడు. మా అమ్మ పక్కనే నిలబడి "దేవుడి బొమ్మ జోలికి వెళ్ళకే" అంది, సరేనని ఆ భాగం వదిలేసి మిగతాదే వాడాను. నిజానికి ఎవరింట్లోనైనా ఎవరో ఒకరు ఈ మాట అంటారు కాబట్టి, కత్తెర తీసేముందే కార్డు అటూ ఇటూ తిప్పి చూసుకోవడం మంచిది.

ముందువైపు బంతిపువ్వులు పెట్టాను, సంక్రాంతి కదా. పసుపు, నారింజ రంగు కాగితం సెంటీమీటరు వెడల్పున పట్టీలుగా కోసి, ఒక అంచున దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి, గాటు వెడల్పులో ముప్పావు వంతు దాకా వెళ్ళాలి కానీ తెగకూడదు. ఈ పట్టీలు చుట్టడానికి క్విల్లింగ్ పుల్ల అని అమ్ముతారు కానీ అగరుబత్తి కాలాక మిగిలిన పుల్ల చివర బ్లేడుతో చీల్చి, ఆ చీలికలో పట్టీ కొస దూర్చి చుట్టినా అదే పని అవుతుంది. గట్టిగా చుట్టి, చివర ఫెవికాల్ చుక్క పెట్టి, ఆరాక గాట్లన్నీ వేలితో బయటికి విప్పండి. ఈ విప్పే పని మాత్రం ఎంతసేపైనా చేయబుద్ధేస్తుంది, టీవీ చూస్తూ అవసరానికి మించి చేసేశాను, మిగిలినవి అమ్మ గొబ్బెమ్మలకి పెట్టింది.

రాయడానికి లోపల తెల్ల కాగితం వేరే అంటించుకోండి, మెరిసే అట్ట మీద బాల్‌పెన్ను పట్టదు, జెల్‌పెన్ను అలుక్కుపోతుంది. కవరు కూడా శుభలేఖదే, అంచులు నెమ్మదిగా ఊడదీసి లోపలివైపు బయటికి తిప్పి మళ్ళీ అంటిస్తే పేర్లన్నీ లోపలికి వెళ్ళిపోతాయి. పువ్వులున్న కార్డుని పోస్టులో వేస్తే అప్పడమైపోతుంది కాబట్టి నేను అరిసెల డబ్బా పైన పెట్టి చేతికే ఇచ్చాను.

అత్త తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. సిల్కు పీలిక చూసి ఏ కస్టమర్ బ్లౌజుదో చెప్పేసింది. తర్వాత కార్డు వెనక్కి తిప్పి, మెరూన్ అట్ట మీద వేలితో రుద్ది చూసి, "ఇది మీ పెదనాన్న కూతురి పెళ్ళి కార్డు కదే! ఆ పెళ్ళికి మమ్మల్ని సరిగ్గా పిలవనే లేదు" అని మొదలుపెట్టింది. భోజనాలయ్యేదాకా అదే టాపిక్.