కొండ కాదు మిస్, గుట్ట

మూడో తరగతి పిల్లలకు తెల్ల కాగితం ఇచ్చి "మీకిష్టమైన బొమ్మ వేయండి" అంటే, నలభై మందిలో ముప్పై మంది సీనరీయే వేస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, వంకర్లు తిరుగుతూ దిగే నది, ఒడ్డున పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, పైన నాలుగు పిట్టలు. అందరూ హైదరాబాద్ మౌలాలిలో పుట్టి పెరిగినవాళ్లే. పెంకుటిల్లు గడప తొక్కినవాళ్లు వీళ్లలో ఎందరుంటారో!

తప్పు వాళ్లది కాదు. పదకొండేళ్ల కింద ఈ బడిలో చేరిన మొదటి వారం నేను బోర్డు మీద రంగు సుద్దలతో వేసిందీ ఆ సీనరీయే. మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో అప్లైడ్ ఆర్ట్ చదివి వచ్చి, క్లాసు గోల తట్టుకోలేక, కాపీ చేసుకుంటూ కాసేపు నోరు మూసుకుంటారని వేశాను. మూసుకున్నారు కూడా.

మా ఆర్ట్ రూము రెండో అంతస్తులో ఉంది. రూమంటే స్టోర్ రూములో సగం. కానీ కిటికీ మాత్రం బంగారం, అందులోంచి మౌలాలి గుట్ట నిండుగా కనిపిస్తుంది. త్రికోణంలా ఉండదు, గుండు కొట్టించుకున్న తలలా ఉంటుంది. పైన దర్గా. హైదరాబాద్ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంత పాత రాయికి వీపు పెట్టి కూర్చుని మా పిల్లలు స్కేలుతో ఆకుపచ్చ త్రికోణాలు గీస్తుంటారు. ఒకరోజు ఉండబట్టలేక, "అదిగో కొండ, దాన్ని చూసి వేయొచ్చు కదరా" అన్నాను. ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి చూసి, నా మీద జాలిపడి, "అది కొండ కాదు మిస్, గుట్ట" అంది.

నిజమే. కొండ పుస్తకంలో ఉంటుంది. గుట్ట ఇంటెనక ఉంటుంది. దాన్ని బొమ్మ వేస్తారని ఎవరు చెప్పారు వాళ్లకు?

మరుసటి వారం ఒక్కొక్కరినీ కిటికీ దగ్గర స్టూలెక్కించాను. ఒక కన్ను మూసుకుని, తల కదపకుండా, గుట్ట అంచు వెంట అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీయాలి. తల ఇంచి జరిగినా గీత ఒకచోట, గుట్ట ఒకచోట. "మిస్, గుట్ట జరిగింది!" అని ఒకటే అరుపులు. ఆకుపచ్చ క్రేయాను ఎవరికీ అవసరం రాలేదు. వాన వెలిసిన పొద్దున కదా, నీళ్లు జారినచోట రాయి మీద నల్లటి చారలు, మిగతా అంతా బూడిదరంగు, ఒకవైపు కొంచెం గులాబీ. గుట్ట కంటే ముందు కనిపించేవి సింటెక్స్ ట్యాంకులు. అవీ వేయమన్నాను. అద్దం తుడవాల్సి వచ్చిన ఆయమ్మ మాత్రం నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇదంతా వారానికి ఒక్క పీరియడ్‌లో. పరీక్షల ముందు అదీ లెక్కల టీచరుకు పోతుంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆర్టుకు పార్ట్‌టైం టీచరు ఉండాలని చెప్పింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వంద మందికి మించి పిల్లలుంటే. ఐదు లోపు వాళ్లు ఏ లెక్కలోకీ రారు. సరే, ఈ ఏడుపు ఎప్పుడూ ఉండేదే.

ఒకటో తరగతికి డిజైన్ ఏం చెప్తారని మా ఆయన నవ్వుతాడు. వాటర్ బాటిళ్లతో చెప్పాను. బడి ఇచ్చిన బాటిళ్లన్నీ ఒకేలా నీలంగా ఉంటాయి, ఇంటర్వెల్‌లో రోజూ కొట్లాట. పేర్లు రాస్తే చదవడం ఇంకా రాదు. అందుకని బాటిల్‌కు అంటించుకునే కాగితం మీద ఎవరి గుర్తు వాళ్లు వేసుకోమని షరతు పెట్టాను: అక్షరం ఉండకూడదు, తలుపు దగ్గర నిలబడి చూసినా ఎవరి బాటిలో వాళ్లకు తెలియాలి. ఆరుగురు స్పైడర్‌మ్యాన్ వేసుకొచ్చారు. తలుపు దగ్గరికి వెళ్లి చూస్తే ఆరూ ఎర్ర మచ్చలే. మళ్లీ కొట్లాట. ఒక అమ్మాయి మాత్రం కాగితమంతా వదిలేసి అడ్డంగా ఒకే ఒక్క లావు నల్ల గీత పెట్టింది. దానికి బద్ధకమనుకున్నాను. తన బాటిల్‌ను అందరికంటే ముందు పట్టుకుపోయింది అదే. మూడో రోజుకు చెమటకీ నీళ్లకీ స్కెచ్ పెన్ రంగులన్నీ కారిపోయాయి. పైన ట్రాన్స్‌పరెంట్ టేపు వేయాలన్న ఐడియా కూడా వాళ్లదే, నాది కాదు.

మొన్న ఆగస్టులో డ్రాయింగ్ పోటీ పెట్టాం. మూడో తరగతిలో అద్దం మీద గీసినవాడే, ఇప్పుడు నాలుగుకొచ్చాడు, కాగితం తెచ్చిచ్చాడు. రెండు కొండలు. మధ్యలో సూర్యుడు. నా ప్రాణం ఉసూరుమంది.

"మళ్లీ సీనరీయేనా?"

"కాదు మిస్. ఇది మౌలాలి గుట్ట, ఇది కదం రసూల్ గుట్ట. మీ కిటికీలకెల్లి రెండోది కనబడదు."

చూస్తే రెండూ గుండ్రంగానే ఉన్నాయి, చారలతో సహా. కింద ట్యాంకులూ ఉన్నాయి.

"మరి సూర్యుడు?"

"పొద్దుగాల మా బిల్డింగ్ మీదికి రండి మిస్. గిట్లనే ఉంటది."