ఒక సైలెన్సర్, మూడు నెలలు: శాన్ స్టార్మ్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రం ఆర్‌.సి. రెన్యువల్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఇంజన్, బ్రేకులు, లైట్లు ఏవీ ఇబ్బంది పెట్టలేదు. మూడు నెలలు తినేసింది సైలెన్సర్ ఒక్కటే. బెంగళూరులో పాత బండి పెట్టుకున్నవాళ్ళకు పనికొస్తుందని, కొలతలు చేతిలో ఉండగానే రాస్తున్నాను.

బండి 2001 మోడల్ శాన్ స్టార్మ్. గోవాలో తయారైన రెండు సీట్ల కారు, ఫైబర్ బాడీ, ముందు 1149 సీసీ రెనో ఇంజన్, సుమారు 60 హార్స్‌పవర్. తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. సైలెన్సర్ అడిగితే షాపువాడు తీసి ఇచ్చేది కాదు, చేయించుకోవలసిందే.

పాతది లోపలినుంచి తుప్పు పట్టి పోయింది. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్ళు ఆవిరై పొగతో బయటికొస్తాయి. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో నాలుగు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే సైలెన్సర్ సరిగా కాగదు, ఆ నీళ్ళు డబ్బా అడుగునే నిలుస్తాయి. వారానికి ఒకసారైనా అరగంట సాఫీగా నడిపే బండికీ, నడపని బండికీ సైలెన్సర్ ఆయుష్షులో తేడా అక్కడే.

విప్పడం పెద్ద పని కాదు. ముందురోజు రాత్రి నట్లకు రస్ట్ ఆయిల్ కొట్టి వదిలేయాలి, పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు విప్పాలి. రానివాటిని గ్రైండర్‌తో కోసేయాలి, బలవంతం చేస్తే స్టడ్ విరిగి, ఇంజన్ నుంచి పొగను తెచ్చే మేనిఫోల్డ్ దాకా పని పెరుగుతుంది. రబ్బర్లు, గాస్కెట్లు ఎలాగూ కొత్తవే.

జె.సి. రోడ్డులో నేను వెళ్ళిన షాపు పేరు రాయను. పాత డబ్బాను కాలితో పక్కకు నెట్టి, "ఫ్రీ ఫ్లో వేయండి సార్, పికప్ చూడండి" అన్నాడు. నాలుగంగుళాల గుండ్రటి డబ్బా, 350 మిల్లీమీటర్ల పొడవు, మధ్యలో రంధ్రాల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్. గొట్టం కూడా రెండంగుళాలకు మార్చుదామన్నాడు, అదొక్కటి నేను ఒప్పుకోలేదు. 60 హార్స్‌పవర్‌కు నా బండికి ఉన్న 42 మిల్లీమీటర్ల గొట్టం చాలు. లావు చేస్తే పొగ వేగం పడిపోయి కింది ఆర్‌.పి.ఎం.లో లాగుడు తగ్గుతుంది. ఇంజన్‌కు 'బ్యాక్ ప్రెషర్ కావాలి' అని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. కావలసింది వేగం, అడ్డు కాదు.

వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీయించాను, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కనెక్టర్ ఊడదీయించాను, ఎర్త్ క్లిప్పును వెల్డింగ్ పక్కనే పెట్టించాను. ఈ మూడూ మీరే దగ్గరుండి చూసుకోండి, ఏ షాపువాడూ తనంతట తాను చేయడు.

కొత్త డబ్బాతో ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 2800 ఆర్‌.పి.ఎం. రాగానే మొదలైంది. బయటికి పెద్ద చప్పుడేమీ లేదు. లోపల మాత్రం ఖాళీ డ్రమ్ములో తల పెట్టినట్టు బూమ్. సీటు వెనక ఫైబర్ పలక మీద చెయ్యి పెడితే అరచేయి తిమ్మిరెక్కుతోంది. 2500 దగ్గర లేదు, 3100 దగ్గర లేదు. నైస్ రోడ్డు మీద పావుగంట నడిపేసరికి కణతలు నొప్పి పుట్టాయి.

అదే షాపుకు మూడుసార్లు తిరిగాను. మొదటిసారి ఊల్ ఇంకా దట్టంగా దట్టించాడు, ఏమీ మారలేదు. రెండోసారి తోక గొట్టంలో డీబీ కిల్లర్, అంటే చప్పుడు తగ్గించడానికి నోటిని ఇరుకు చేసే ముక్క బిగించాడు. బయటి చప్పుడు తగ్గింది, 4500 పైన ఇంజన్‌కు ఊపిరాడలేదు, బూమ్ మాత్రం ఎక్కడిదక్కడే. మూడోసారి డబ్బా చుట్టూ ఇంకో రేకు చుట్టి, "ఫైబర్ బాడీ సార్, ఇంతే" అనేశాడు. తొమ్మిది వేలకు పైగా చేతి చమురు వదిలింది. తప్పు బాడీ మీదికి నెట్టేసిన ఆ ఒక్క మాట మీద కోపం నాకింకా తగ్గలేదు.

అసలు సంగతి ఇది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టులో రెండుసార్లు పేలుతుంది. 2800ను 60తో భాగించి రెండుతో గుణిస్తే సెకనుకు 93. ఫోనులో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి చూస్తే శిఖరం సరిగ్గా 93 హెర్ట్జ్ దగ్గరే ఉంది. గ్లాస్ ఊల్ సన్నటి, పదునైన శబ్దాన్ని మింగుతుంది. వంద హెర్ట్జ్ దగ్గర దాని పని దాదాపు సున్నా, ఎంత దట్టించినా అంతే. కింది శబ్దాన్ని ఆపేది డబ్బా ఘనపరిమాణం, లోపలి గదులు. పాత కోడిగుడ్డు ఆకారపు డబ్బా 200, 120, పొడవు 400 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర లీటర్లు. కొత్తది రెండు ముప్పావు లీటర్లు. మూడో వంతుకు దించేసి, నిశ్శబ్దం కావాలంటే ఎక్కడినుంచి వస్తుంది!

ఇంకో దారి ఉంది. మెయిన్ గొట్టానికి పక్కగా, చివర మూసేసిన ఒక గొట్టం అతికించాలి. దాని పొడవు ఆ శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉంటే, లోపలికెళ్ళిన అల తిరిగి వచ్చి ఎదురు అలను కొట్టేస్తుంది. 200 డిగ్రీల వేడిలో శబ్ద వేగం సెకనుకు 436 మీటర్లు. దాన్ని 93కి నాలుగు రెట్లతో, అంటే 372తో భాగిస్తే 117 సెంటీమీటర్లు. మొదట దీన్ని స్థలం ఉందని తోకకు ఒక జానెడు దూరంలో పెట్టించాను. వృథా. తెరిచి ఉన్న చివర దగ్గర పీడనం హెచ్చుతగ్గులు ఉండవు, అక్కడ ఈ గొట్టానికి పట్టు దొరకదు. సైలెన్సర్‌కు ముందుకు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతికి మార్చి, 126 సెంటీమీటర్లతో మొదలుపెట్టి రెండేసి సెంటీమీటర్లు కోస్తూ పోతే 112 దగ్గర బూమ్ చచ్చింది. లెక్కకంటే పొట్టి ఎందుకంటే ఆ మూసిన గొట్టంలో పొగ పారదు, కాబట్టి మెయిన్ గొట్టమంత వేడెక్కదు. మొదటే 112కు కోసేస్తే మళ్ళీ అతికించలేరు, పొడవు నుంచి పొట్టికే రండి.

ఇంత చేసి, రెన్యువల్‌కు ముందు బండి ఫిట్‌నెస్ చూసే ఎఫ్‌.సి.కి వెళితే, అందరి ముందు పరువు పోయింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు వంగి చూసి, ఆ అదనపు గొట్టం మీద టార్చి వేసి, ఇది కంపెనీది కాదు కదా అన్నారు. యాక్సిలరేటర్ నొక్కించారు. వరుసలో నిలబడ్డ ఆటోవాళ్ళు, ట్రాక్టరువాళ్ళు గుమిగూడారు. ఈ వయసులో రేసులేంటి సార్ అని ఒకరన్నారు. నేను తరంగాల లెక్క చెప్పబోతే కాగితాలు నా చేతిలో పెట్టి, అసలు ఎలా ఉండేదో అలా చేసి తెమ్మన్నారు. మాట కటువే గానీ అందులో తప్పు లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చవద్దంటుంది. 182ఏ కింద ఒక్కో మార్పుకు 5000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాసి ఉంది. ఏజెంటును పెట్టుకుంటే చూసీ చూడనట్టు పోనిస్తారని పక్కవాడు సలహా ఇచ్చాడు. ఆ దారి నాకొద్దు. అలా సంపాదించిన ఆర్‌.సి. చేతిలో ఉన్నా, రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు ఆపిన ప్రతిసారీ గుండె దడే.

పాత డబ్బా కోసం జె.సి. రోడ్డుకు పరుగెత్తాను. షాపు వెనక తుక్కులో ఉంది, శివాజీనగర్ గుజరీకి (పాతసామాన్ల బజారుకు) ఇంకా కాటా వేయలేదు. నాదే వస్తువును 200 ఇచ్చి కొనుక్కున్నాను.

దాన్ని పీణ్యాలో ఆర్గాన్ వెల్డింగ్ చేసే హిందూపురం మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మూత కోసి, డబ్బా తిరగేసి తట్టగానే ఎర్రటి బురద బల్ల మీద పడింది. అడుగున 3 మిల్లీమీటర్ల నీటి రంధ్రం కప్పుకుపోయి ఉంది. "సార్, ముందే దీన్ని కోసి చూసుంటే అయిపోయేది కదా" అన్నాడాయన. లోపల మూడు గదులు, 90, 190, 120 మిల్లీమీటర్లు. మూడూ సమానంగా ఉంటే ఒకే శబ్దం మూడింటినీ దాటిపోతుంది, అందుకే తేడాగా పెడతారు. పొగ ఒక గొట్టంలో చివరి గదికి వెళ్ళి, రెండో దాంట్లో వెనక్కి వచ్చి, మూడో దాంట్లో బయటికి పోతుంది.

దానికి నకలు చేయించాను. పై డబ్బా 409 స్టెయిన్‌లెస్, 1.2 మిల్లీమీటర్ల రేకు. పైన కాస్త తుప్పు మరకలొస్తాయి గానీ తొందరగా తినదు. గొట్టాలు 304 రకం స్టెయిన్‌లెస్, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. రెండు రకాలను అతికే చోట 309ఎల్ రాడ్డు. గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపి అతకాలి, లేకపోతే వెల్డింగ్ వెనకవైపు నల్లగా పొక్కి అక్కడే పగులుతుంది. రంధ్రాలు 3.5 మిల్లీమీటర్లవి 250. లెక్క సులువు: రంధ్రాల మొత్తం వైశాల్యం గొట్టం నోటికి రెట్టింపు ఉండాలి. నీటి రంధ్రం అత్యంత కింద వచ్చేలా బండి కిందే గుర్తు పెట్టించాను, బల్ల మీద పెట్టిన గుర్తు పక్కకు పోతుంది. ఫైబర్‌కు డబ్బాకు మధ్య 45 మిల్లీమీటర్ల ఖాళీ, ఆ మధ్యలో గాలి ఆడేలా అల్యూమినియం రేకు. తోక బంపర్ దాటి రెండంగుళాలు బయటికి ఉండాలి. తోక పొట్టిదైతే, టాప్ తీసి నడిపే బండిలో పొగ వెనక్కి తిరిగి లోపలికే వస్తుంది, అది ప్రాణాలమీది సంగతి.

పక్క గొట్టం తీసేయించాను. ఏడున్నర లీటర్ల డబ్బాతో 2800 దగ్గర బూమ్ వినబడదు.

చివరికి ఎమిషన్ టెస్టులో ఇంకో దెబ్బ. నా బండి వయసుకు సీఓ (కార్బన్ మోనాక్సైడ్) పరిమితి 3 శాతం, వచ్చింది 3.8. మేస్త్రీని అనుమానించాను, పాపం ఆయన తప్పేం లేదు. మేనిఫోల్డ్ గాస్కెట్ దగ్గర సన్నగా లీకుంది. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, పెట్రోలు తక్కువైందనుకుని ఈసీయూ ఇంకా పోస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, తోకకు తడిగుడ్డ అడ్డం పెట్టి, సబ్బునీళ్ళు చల్లితే బుడగలు వచ్చిన చోటే లీకు. గాస్కెట్ మార్చాక 0.9.

రెండోసారి ఎఫ్‌.సి.లో అదే ఇన్‌స్పెక్టర్ గారు. వంగి చూశారు, పాత డబ్బా డిక్కీలోంచి తీసి పక్కన పెట్టి చూపించాను. సంతకానికి రెండు నిమిషాలు పట్టింది. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక గొట్టాలను కలిపే ఫ్లాంజ్ బోల్టులు ఇంకోసారి బిగించాలి, ఇప్పటికి 340 అయ్యాయి.